దారం పెట్టిన పేజీ

దత్తాత్రి చేసిన చివరి మామూలు పని, కూతురి సంచిలో ఒక పుస్తకం పెట్టడం.

ఆ మధ్యాహ్నం శారద షోలాపురంలో తన కాపురమున్న హోట్గి రోడ్డు నుంచి బస్సులో వచ్చింది. జొన్నరొట్టెలు, పల్లీలు దంచిన శేంగ చట్నీ ఉన్న డబ్బా తండ్రికిచ్చి పోదామని నీలం నగర్‌లో దిగి వాచనాలయం మెట్లెక్కింది. కింద రామన్న సాంచాల షెడ్డు, పైన పుస్తకాల గది. కింద మరమగ్గాలు నడుస్తున్నంతసేపూ పైన బీరువాల అద్దాలు వణుకుతూనే ఉంటాయి. ఆ మోతలో మాట వినపడదు. అందుకే ఆ వీధిలో పుట్టినవాళ్లెవరైనా గొంతు వాడకుండా పెదాలతో మాట్లాడగలరు, ఎదుటివాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకోగలరు.

దత్తాత్రి కిటికీ గట్టు మీద బోర్లించిన పుస్తకం తీశాడు. మూసి, సంచిలో ఆమె గొడుగు పక్కన నిలబెట్టాడు.

"గిది తీస్కపో. పైకి సదువు. దారం కాడ్నుంచి సదువు" అన్నాడు పెదాలతో.

"నడిమిట్లకెల్లి సదివితె కథ ఏం సమజైతది నాయినా?"

"నీకు సమజ్ గాకున్నా నడుస్తది."

శారద నవ్వింది. ఓపిక లేని పాఠకులకు ఆయన అలాగే చేసేవాడు. మొదటి పేజీలన్నీ పడుగుకు గంజి పట్టడమే, అసలు నేత ఇక్కణ్నుంచి అని, అందిన దారమేదో ఆ పేజీలో పెట్టి ఇచ్చేవాడు. ఈ పుస్తకంలోంచి వేలాడుతున్నది పచ్చదారం. చిన్నప్పటినుంచీ శారదకు పచ్చరంగంటే ప్రాణం కనుక, తనకోసమే ఏరి పెట్టాడనుకుంది. దత్తాత్రి ఆమె భుజం మీద అంటుకున్న దూదిపింజను రెండు వేళ్లతో తీసి కిటికీలోంచి ఊదాడు. ఆమె మెట్లు దిగి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఆమె మొగుడు పాండురంగ్ తెల్ల చొక్కాకు గుండీ ఊడింది. అతను చద్దర్ల దుకాణంలో గుమస్తా. తెల్లారి పెద్ద బేరగాళ్లొస్తారు, ఆ చొక్కాయే కావాలన్నాడు. దారపు డబ్బా వెతికితే ఖాళీ రీళ్లే దొరికాయి. సంచిలో పుస్తకం కనిపించింది. శారద పచ్చదారాన్ని సర్రున లాగింది. పుస్తకం దానంతటదే మూసుకుపోయింది. దారం పట్టులా గట్టిగా ఉంది. నాలుగు పోట్లలో గుండీ కూర్చుంది.

"ఏందే గిది, తెల్ల అంగికి పచ్చ దారమా? ఎలక్షన్‌ల నిలవడుతున్ననా నేను?"

"నీ గుండీ ఎవరు సూస్తరు?"

"పొట్ట మీదనే ఉన్నది గద, ఊరంత సూస్తది."

తెల్లారి రామన్న షెడ్డులో పనిచేసే మనిషి సైకిల్ మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. దత్తాత్రి వాచనాలయం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడని చెప్పాడు. కళ్లద్దాలు మడిచి చేతిలోనే ఉన్నాయట. ముఖం కిటికీ గట్టు వైపు తిరిగి ఉందట.

*

దత్తాత్రి చిన్నతనంలోనే తండ్రి వెంట తెలంగాణ నుంచి షోలాపురం వచ్చాడు. పడుగుకు గంజి పట్టే కార్ఖానాలో చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేశాడు. రంగు వేయని పచ్చి నూలు ఆయన చేతుల్లోంచి పోయిపోయి, చివరికి మనిషే నూలు రంగుకు తిరిగాడని వీధిలో అనుకునేవారు. ఛాతీలో దూది చేరి ఊపిరి అందనప్పుడు కార్ఖానా మానేశాడు. రామన్న తన షెడ్డు మీద గది ఖాళీగా ఉందంటే, అందులో పుస్తకాలు పెట్టాడు. ఊరికి పోయి వచ్చే ప్రతివాడి చేతా పాత నవలలు, వారపత్రికలు తెప్పించాడు. మరాఠీ బడిలో చదివే పిల్లలకు తెలుగు అక్షరాలు మరిచిపోకుండా ఉంటాయని తల్లులు పిల్లల్ని పంపేవారు. పిల్లల వెనక తల్లులూ వచ్చారు.

పుస్తకం అడిగినవాడికి అడిగింది ఇచ్చేవాడు కాదు. మనిషిని కాసేపు చూసి ఇచ్చేవాడు. గోడ దగ్గర తమ్ముడితో పోట్లాడి వచ్చిన ఒకాయనకు దొంగల నవల చేతిలో పెట్టాడు. "అన్నదమ్ములు గోడకాడ కొట్లాడుకుంటుంటె ఇంట్లకు ఎవరు జొరవడుతరో సూడు" అన్నాడు. కొత్తగా కాపురానికొచ్చి ఏడుస్తున్న పిల్లకు పడవ ప్రయాణాల పుస్తకం ఇచ్చాడు. నిద్ర పట్టడం లేదన్న రామన్నకు భూసారాల మీద పాత సర్కారీ పుస్తకం ఇచ్చాడు.

"గిదేంది కాకా, నేను ఎవుసం జేస్తనా?"

"రెండో పేజీ దాటితె నాకు జెప్పు, ఇంకోటి ఇస్త."

రామన్న రెండో పేజీ ఎన్నడూ దాటలేదు.

వారానికోసారి మగ్గాలు ఆగే సాంచాల సుట్టీ నాడు బైఠక్ ఉండేది. ఆ రోజు వీధికి కరెంటు ఉండదు, మోత ఉండదు. ఆ నిశ్శబ్దం అలవాటు లేక జనం మొదట చెవులు రుద్దుకునేవారు. తర్వాత జంపఖానాలు పరుచుకుని కూర్చునేవారు. ఒకరు పైకి చదివితే తక్కినవాళ్లు వినేవారు. ఆడవాళ్లు బీడీలు చుట్టుకుంటూ వినేవారు. గది ఊడ్చే నర్సమ్మ కాగితప్పొట్లంలో చక్కెర తెచ్చి అందరికీ చాయ్ కాచేది. మగ్గాల మధ్య బతికి చెవులు పూర్తిగా పోయిన యల్లమ్మ అందరికంటే ముందు కూర్చుని, చదివేవాళ్ల పెదాల మీంచి చూపు తిప్పకుండా కథంతా తాగేసేది.

ఎవరి దారం వాళ్లకుండేది ఆ వాచనాలయంలో. మగ్గం మీద మిగిలిన దారపు ముక్కనే పేజీల మధ్య పెట్టుకునేవారు. ఒకరిది కుంకుమ రంగు, ఒకరిది నీలం. చదవడం అయిపోయాక దారం తీసుకుని పుస్తకం తిరిగి ఇచ్చేవారు. ఎవరైనా పుస్తకం సగంలో ఉండగా చనిపోతే మాత్రం, దత్తాత్రి వాళ్లింటికి పోయేవాడు.

సాలోళ్ల ఇళ్లలో పాత ఆచారమొకటి ఉంది. మగ్గం మీద పడుగు మిగిలి ఉండగా మనిషి పోతే, దినాలు కాకముందే అయినవాళ్లు కూర్చుని ఆ మిగులు నేసి బట్ట దింపాలి. పోయిన మనిషి వేసిన ఆఖరి పోగు పక్కనుంచే మొదలుపెట్టాలి. నేసింది విప్పకూడదు, నేసినదాని మీద మళ్లీ నాడె ఆడించకూడదు. దత్తాత్రి ఆ ఆచారాన్నే పుస్తకాలకు తెచ్చాడు. పోయిన మనిషి దారం పెట్టిన పేజీ నుంచి ఆఖరిదాకా ఆ ఇంట్లో కూర్చుని పైకి చదివేవాడు. దాన్ని అందరూ మిగులు చదవడం అనేవారు.

"మిగిలినదాని కోసం మల్ల రావద్దు గద మనిషి. గందుకు" అని శారదకు ఒకసారి చెప్పాడు. "కని సదివింది మల్ల సదవొద్దు బిడ్డా. సదివినకాడ సదివితె పిలిసినట్టే. పిలిస్తె వస్తరు. వచ్చినోళ్లను ఎట్ల పంపాల్నో నాకు ఎరుక లేదు."

శారద తల్లి అంజమ్మ పోయినప్పుడు కూడా ఆయనే చదివాడు. అప్పుడు శారద ఆస్పత్రిలో కాన్పు మంచం మీద ఉంది. ఏ పుస్తకమో, ఎన్ని పేజీలో ఆమెకు తెలియదు.

*

ఇప్పుడు దత్తాత్రి పోయాడు. ఆయన మిగులు ఎవరు చదవాలి? శారదే చదవాలని వీధి అంతా అన్నది. శారదకు వేరే ఏడుపు లేదు, వేరే ఆలోచన లేదు. దినాలు అయ్యేలోపు నాయిన చదువుతూ ఆపిన పుస్తకం దొరకాలి, దాన్ని చివరిదాకా చదవాలి, నాయిన హాయిగా పోవాలి. ఆయన పద్ధతులన్నీ తెలిసిన నర్సమ్మను అడుగుదామంటే, ఆమె తమ్ముడికి ప్రాణం మీదికొచ్చిందని నెల ముందే ఊరికి పోయింది.

శారదా రామన్నా బీరువాలు తెరిచారు. తిరిగి వచ్చిన పుస్తకాల్లో దారాలు ఉండవు. అందుకే వెతకడం కష్టం కాలేదు. మొదటి వరసలోనే ఒక పుస్తకంలోంచి తెల్లదారం కొస కనిపించింది. రంగు వేయని పచ్చి నూలు.

"దొరికింది" అన్నాడు రామన్న. "జనమంత తెల్లనూలు పట్టుకున్న మనిషి. ఆయన దారం తెల్లది గాకుంటె ఇంకేముంటది?"

రెండో వరసలో ఇంకొకటి కనిపించింది. కింది అరలో మరొకటి. ప్రతి బీరువాలోనూ ఒకటో రెండో ఉన్నాయి. కొన్నింటిలో దారం మొదట్లో ఉంది, కొన్నింటిలో చివరి పేజీలకు దగ్గరగా ఉంది. అన్నీ ఒకే తెల్లదారం, ఒకే కొలతకు తెంపినది. శారద వాటిని బల్ల మీద పేర్చి చాలాసేపు చూసింది. నాయిన నోట ఎన్నడూ వినని పుస్తకాలవి. ఈమధ్య ఎవరికీ ఇవ్వగా ఆమె చూడని పుస్తకాలు.

"ఇన్ని సగంల ఇడిసిపెట్టిండా నాయిన?"

"ఊరందరికి వడ్డించెటోనికి తాను తినె తీరిక ఏడుంటది శారదక్కా?" అన్నాడు రామన్న. "అన్ని సదువుదం. జనం ఉన్నరు గద."

రామన్న ఆ రోజులకు షెడ్డు బంద్ పెట్టాడు. జనం జంపఖానాల మీద కూర్చున్నారు. బయట ఎండ కాస్తున్నది. పిల్లలు కింద గోలీలాడుతున్నారు.

మొదటి పుస్తకం రామన్నే చదివాడు. దొంగలు కోటలో చిక్కుకున్న చోట దారం ఉంది. అక్కణ్నుంచి నాలుగు వాక్యాలు చదివాడో లేదో, వెనకనుంచి దగ్గు వినిపించింది. దూది దగ్గు. రెండుసార్లు దగ్గి, ఆగి, మూడోసారి లోపలినుంచి లాగినట్టు వచ్చింది. "ఎవరికన్న నీళ్లియ్యుండ్రి" అన్నదొక ముసలామె. కుండలోంచి గ్లాసు నింపి, చేయి చేయి మారుస్తూ వెనక్కి పంపారు. కాసేపటికి గ్లాసు చేయి చేయి మారుతూ ముందుకు వచ్చింది. ఖాళీగా ఉంది.

చదువు అయ్యాక శారద వెనక వరసలో చివర కూర్చున్న సరోజనడిగింది. సరోజ కొంతం చౌక్ దగ్గర్నుంచి వచ్చిన కోడలు, ఈ వీధికి కొత్త.

"నీళ్లు ఎవరు తాగిండ్రు?"

"నేను ఎనుకకిచ్చిన గద వదినె."

సరోజ వెనక గోడ ఉంది. గోడ మీద పాత క్యాలెండరు ఉంది. సరోజ అటు తిరిగి గోడను చూసింది, మళ్లీ శారదను చూసింది. అంతే, లేచి చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

శారద ఖాళీ గ్లాసును కుండ మీద బోర్లించింది. లోపలెక్కడో చల్లగా అనిపించింది. నాయినకూ ఛాతీలో దూది ఉండేది కదా. వచ్చి వింటున్నాడనుకుంది. దప్పిక తీరి పోతాడనుకుంది.

రోజుకో పుస్తకం సాగింది. కొన్ని రోజులు ఏమీ జరగలేదు. ఒకరోజు ఎవరో కథలో నవ్వొచ్చే మాట ఇంకా చదవకముందే నవ్వారు. ఇంకోరోజు ఆడవాళ్ల మధ్య తునికాకు కత్తిరించే కత్తెర చప్పుడు వినిపించింది. ఆ రోజు ఎవరూ బీడీల చాట తెచ్చుకోలేదు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. దత్తాత్రి కాక కోసం కదా, లేచిపోతే బాగుండదనుకున్నారు.

ఆఖరి పుస్తకం అత్తాకోడళ్ల పాత కథలు. అది శారద చదివింది. చదువుతూ తలెత్తి చూస్తే, ముందు కూర్చున్న యల్లమ్మ తనవైపు లేదు. వెనక్కి తిరిగి, జనాన్ని దాటి, గది మూల చీకటి పడ్డ చోటుకు చూస్తున్నది. మధ్య మధ్య తల ఊపుతున్నది. ఒకచోట చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది కూడా. శారద అప్పుడు చదువుతున్నది నవ్వొచ్చే చోటు కాదు. నవ్వొచ్చే చోటు తర్వాతి పేజీలో వచ్చింది.

అయిపోయాక శారద ఆమె ముందుకు పోయి కూర్చుని, పెదాలు స్పష్టంగా కదుపుతూ అడిగింది.

"గటు దిక్కు ఎందుకు తిరిగినవ్ అత్తమ్మా?"

"నువ్వు నోరు తిప్పుతనే లేవు బిడ్డా. గొణుగుతున్నవ్. గామె మంచిగ సదువుతున్నది. ఒక్కొక్క మాట ఒలిసిపెట్టినట్టు."

"ఎవరామె?"

యల్లమ్మ ఆమె వంక జాలిగా చూసింది. "నీ అవ్వనే గద. నీకు ఎరుక పట్టలేదా?"

"ముసల్ది, సూపు తగ్గింది" అన్నాడు రామన్న. నాయిన వెంట అమ్మ కూడా వచ్చిందనుకుంది శారద. తీసుకుపోవడానికి వచ్చి ఉంటుందనుకుంది. ఆ ఊహకు ఆమెకు దుఃఖం పొంగింది. ఇన్నాళ్లకు కడుపునిండా ఏడ్చింది. ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "అయిపోయింది నాయినా. ఇగ పో" అని చెప్పి, సంచిలో ఉన్న, పచ్చదారం లాగేసిన పుస్తకాన్ని కూడా బీరువాలో పెట్టి, తలుపు మూసింది. ఆ పుస్తకం ఆమె చదవలేదు. దుఃఖంలో చదవబుద్ధి కాలేదు. దారం లేని పుస్తకం, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో కూడా తెలియదు.

*

దినాలయ్యాయి. సాంచాలు మళ్లీ మోగాయి. శారద సుట్టీ నాడు వచ్చి వాచనాలయం తెరవసాగింది. నాయినలా మనుషుల్ని చూసి పుస్తకం ఇవ్వడం నేర్చుకోవాలని ఆమె ఆశ.

మొదటి సుట్టీ నాడు తాళం తీసేసరికి, కిటికీ గట్టు మీద ఒక పుస్తకం బోర్లించి ఉంది. నాయిన సంచిలో పెట్టి ఇస్తే తాను బీరువాలో పెట్టిందే. రామన్న తీశాడేమో అనుకుని మళ్లీ లోపల పెట్టింది. తర్వాతి సుట్టీకీ గట్టు మీదే ఉంది. రామన్ననడిగితే, "నాకెందుకు శారదక్కా, నాకు రెండో పేజీ దాటదు" అన్నాడు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. తాళం తీయడం, ముందు గట్టు వైపు చూడడం, పుస్తకం తీసి లోపల పెట్టడం అలవాటైపోయింది. ఎప్పుడు చూసినా అది ఒకేలా ఉండేది. చదువుతూ చదువుతూ ఎవరో నీళ్లకని లేచిపోయినట్టు ఉండేది.

వీధిలో వేరే మాటలు మొదలయ్యాయి. రామన్న షెడ్డులో పడుగు చుట్టిన బీములు మోసి, రెండేళ్ల కింద పోయిన పెంటప్ప కోడలు ఒకరోజు బైఠక్‌కు వచ్చి, అందరూ పోయేదాకా ఆగింది.

"మా మామ మల్ల దగ్గుతుండు శారదక్కా. ఆయన మంచం అమ్మేసినం. మంచం ఉన్నకాడ్నుంచే ఇనొస్తది. రెండుసార్లు, ఆగి, మల్లొకసారి."

శారద ఆమెకు ఏ పుస్తకమూ ఇవ్వలేకపోయింది. యల్లమ్మ ఇప్పుడు ప్రతి బైఠక్‌లోనూ చదివేవాళ్లకు వీపు పెట్టే కూర్చుంటున్నది. ఎవరూ ఆమెను తిరగమని అడగడం లేదు.

వానలు వెనకబట్టాక నర్సమ్మ ఊరినుంచి తిరిగి వచ్చింది. తమ్ముడు దక్కలేదు. వచ్చిన రోజే చీపురు పట్టుకుని మెట్లెక్కింది. దత్తాత్రి కుర్చీ చూసి, కింద కూర్చుని, కొంచెంసేపు కళ్లు తుడుచుకుంది. తర్వాత లేచి ఊడ్చుకుంటూ కిటికీ దగ్గరికి పోయి ఆగింది.

"గిది ఇంక గీడ్నే ఉన్నదేంది? మీ నాయిన మిగులు సదవలేదా బిడ్డా?"

"సదివినం పెద్దమ్మా. అన్ని సదివినం. తెల్లదారం ఉన్నయన్ని."

చీపురు నర్సమ్మ చేతిలోంచి జారింది.

"తెల్లయి సదివిండ్రా?" అంది. పెదాలే కదిలాయి. మోత లేని రోజది. అయినా పెదాలతోనే మాట్లాడింది. "గవి అయిపోయినోళ్లయి బిడ్డా. మీ నాయిన ఎవరింట్లనన్న మిగులు సదివి వచ్చినంక, వాళ్ల రంగుదారం తీసేసి తెల్లది పెట్టెటోడు. గా నూలు నేనే తెంపి ఇచ్చెదాన్ని. అందరికి ఒక్కతీరు, మూరెడు. అయిపోయింది, ఇగ ఎవ్వరు ముట్టొద్దు అని. పెంటప్పది ఒకటి, బీడీలు సుట్టె మల్లమ్మది ఒకటి. మీ అవ్వది..."

ఆ పెదాల మీది మిగతా మాటలు శారదకు అందలేదు. చేయి మారుతూ ముందుకొచ్చిన ఖాళీ గ్లాసు ఆమె కళ్లకు కనిపించింది. గది మూలకు తిరిగి నవ్వుతున్న యల్లమ్మ కనిపించింది. చదివినకాడ చదివితే పిలిచినట్టే. వాళ్లనందరినీ తనే పిలిచింది. ఒక్క నాయినను పంపబోయి, పోయినవాళ్లందరినీ వెనక్కి పిలిచింది.

"మరి నాయిన దారం?" అని అడిగింది చివరికి.

నర్సమ్మ గట్టు మీది పుస్తకాన్ని తీసింది. పేజీలు ఒకసారి అటూ ఇటూ తిప్పింది. వీపు పట్టుకుని తలకిందులుగా దులిపింది. ఏమీ రాలలేదు.

"గిండ్ల ఉండాలె గద. నడిమిట్ల యాడ్నో ఉండె. గాడ్నుంచే సదవాలె, గాడ్నుంచే. ముందలికెల్లి సదివితె ఆయన గూడ పిలుపు అందుకుంటడు." నర్సమ్మ పుస్తకం మూసి గుండెకు ఆనించుకుంది. "పచ్చది బిడ్డా. మీ అవ్వ పోయినప్పుడు ఆమె పెండ్లిచీర అంచులకెల్లి ఒక పోగు గుంజుకున్నడు. అప్పట్నుంచి ఆయన దారం గదే."

కింద వీధిలో పాండురంగ్ సైకిల్ గంట కొట్టాడు. శారదను తీసుకుపోవడానికి వచ్చాడు. ఆ రోజు అతను ఆ తెల్ల చొక్కాయే వేసుకున్నాడు.